కేక సార్, కాగితం సార్

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మనం రాకముందు ఆ చోట పని ఎలా నడిచిందో మనకు అస్సలు అర్థం కాదు. ఇన్నాళ్ళూ వీళ్ళంతా చీకట్లో తడుముకుంటున్నారని, మనం వెళ్ళి స్విచ్చి వేయడమే తరువాయి అని గట్టి నమ్మకం ఉంటుంది. ఆ రోజుల్లో నాకు ఆ నమ్మకం మోతాదు మించి ఉండేది. హనుమకొండలో అప్పుడే ఎంబీఏ పూర్తయింది. మా పుస్తకంలో లైన్ మేనేజర్లు, స్టాఫ్ మేనేజర్లు అని ఓ అధ్యాయం ఉండేది. లైన్ మేనేజర్ పని చేయిస్తాడు, ఆజ్ఞ ఇస్తాడు, సరుకు బయటికి వెళ్ళకపోతే మాట పడతాడు. స్టాఫ్ మేనేజర్ పక్కన ఉండి సలహా ఇస్తాడు, ఆజ్ఞ ఇచ్చే అధికారం మాత్రం ఉండదు. బొమ్మలో మొదటివాడికి నిండు గీత, రెండోవాడికి చుక్కల గీత. ఆ బొమ్మను నేను స్కేలు పెట్టి ఎంత ముచ్చటగా గీసేవాడినంటే, మా లెక్చరర్ నా పేపరు క్లాసంతా తిప్పి చూపించాడు. (గీత గీయడం వేరు, గీత మీద నిలబడడం వేరు అని ఆయన చెప్పలేదు. అది సిలబస్‌లో లేదు.)

నిజానికి ఆ అధ్యాయం మా ఇంట్లో రోజూ నడుస్తుండేది. వరంగల్ బజారులో మాకు స్టీలు సామాన్ల దుకాణం. దుకాణంలో బాపు మాటే మాట. ఎదురు చెప్పేవాడు లేడు. కానీ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చినప్పుడు అమ్మ చారు వడ్డిస్తూ, "ఈసారి టిఫిన్ డబ్బాలు ఎక్కువ తెప్పియ్యరాదుండ్రి, బడులు తెరుస్తున్నరు గద" అనేది. బాపు "నీకేం తెల్సు" అని గట్టిగా అని, చేయి కడుక్కుని వెళ్ళిపోయేవాడు. నాలుగింటికల్లా దుకాణంలో "అరే, టిఫిన్ డబ్బాలకు ఆర్డర్ పెట్టుండ్రి, బడులు తెరుస్తున్నరు" అని ఆయన గొంతే వినిపించేది. ఈ ఉదాహరణ పరీక్షలో రాసి ఉంటే ఇంకో రెండు మార్కులు వచ్చేవి. ఇంట్లో ఉన్న విద్య మనకెప్పుడు కనబడింది గనక!

నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఎనుమాముల దారిలో ఓ మిరప ప్రాసెసింగ్ యూనిట్‌లో. మార్కెట్లో కొన్న మిరపకాయలు అక్కడికి వస్తాయి. ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీస్తారు, రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కన పడేస్తారు, శుభ్రమైన సరుకు బస్తాలకెక్కి లారీల్లో పోతుంది. యజమానిని అందరూ సేటు అనేవారు. ఆయన ఎక్కడో ఓ మీటింగులో 'పెద్ద కంపెనీల్లో పని పద్ధతులు సరిదిద్దడానికి మెథడ్స్ ఆఫీసర్ అని ఒకడుంటాడు' అని విన్నాడట. వెంటనే తనకూ ఒకడు కావాలనిపించింది. ఆ ఒకడిని నేను. మేడ మీద గది, ఫ్యాను, కంప్యూటరు, ఆరు నెలల ప్రొబేషన్ ఇచ్చారు. నా కింద పనిచేసేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. అచ్చంగా చుక్కల గీత.

నిండు గీత కింద యార్డులో ఉండేవాడు. యార్డు మేనేజరు. యాభై దాటిన మనిషి, మెడ చుట్టూ తువ్వాల, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన చాయ్ గ్లాసు. ఆయన మామూలుగా మాట్లాడడం ఎవరూ వినలేదు. గేటు దగ్గర నిలబడి "ఆ మూల బస్తా ఎవలు పెట్టిండ్రు?" అంటే ఆ మూలే కాదు, అవతలి రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేవారు. అందుకే ఆడవాళ్ళు ఆయనకు కేక సార్ అని పేరు పెట్టారు. నేను వచ్చిన పదో రోజుకల్లా నాకూ ఓ పేరు వచ్చింది. ఎప్పుడు చూసినా చేతిలో ఏదో కాగితం ఉంటుందని కాగితం సార్ అన్నారు. నేను దాన్ని గౌరవంగానే తీసుకున్నాను. కేక కన్నా కాగితం నాగరికమైనది కదా అనుకున్నాను.

నా కిటికీలోంచి చూస్తే యార్డంతా కనిపించేది. ఆకుపచ్చ నీడవల కింద ఎర్రటి కుప్పలు, ఒక్కో కుప్ప చుట్టూ ఎనిమిదీ పదిమంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ, ముక్కుకు కొంగులు కట్టుకుని, ఆ కొంగుల వెనక నుంచే కబుర్లు చెప్పుకుంటూ! నాకు ఒళ్ళు మండింది. ఎంబీఏ చదివినవాడి కళ్ళ ముందు ఇంత సమయం వృథా అవుతుంటే చూస్తూ ఊరుకుంటాడా? వారం రోజులు గడియారం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, వాళ్ళు ఎంతసేపు మాట్లాడుతున్నారో రాసుకున్నాను. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా అని తేలింది. చేతులు ఎంతసేపు ఆడుతున్నాయో కూడా రాసుకుని ఉంటే, అదీ తొమ్మిది నుంచి ఐదు దాకానే వచ్చేది. ఆ రెండో గడి నాకు తట్టలేదు.

ఆ పరిశోధన ఫలితంగా పదకొండు పేజీల నివేదిక తయారైంది. రంగుల బొమ్మలు వేసి, సుబేదారిలో స్పైరల్ బైండింగ్ చేయించాను. సారాంశం ఏమిటంటే, గుండ్రంగా కూర్చోవడం రద్దు. అందరూ బడిలో లాగా వరుసల్లో, ఒకరి వెనక ఒకరు, చేతి దూరంలో, ఆఫీసు వైపు మొహం పెట్టి కూర్చోవాలి. ప్రతి ఒక్కరికీ ఓ నంబరు, ఓ సొంత గంప. ఎవరి పని వారిది, ఎవరి మౌనం వారిది. సేటు పేజీలు తిప్పి, రంగుల బొమ్మ దగ్గర కాసేపు ఆగి, "చూడనీకైతే మస్తున్నది" అని సంతకం పెట్టేశాడు. తరువాత ఇంకో మాట అన్నాడు. "వచ్చే వారం నీ ప్రొబేషన్ అయిపోతది. ఉంచుకోవాల్నా వద్దా అని యార్డు సారే రాయాలె. నువ్వు సలహా ఇచ్చేది ఆయనకు గద, పనికొస్తున్నదో లేదో ఆయనకే తెలుస్తది." అప్పటికే మా వీధిలో అందరికీ మావాడు ఆఫీసరని బాపు చెప్పుకున్నాడు. ఉద్యోగం పోతే రేపట్నుంచి దుకాణంలో గిన్నెలు తుడుస్తూ, ఆ వీధి వాళ్ళ మొహాలే చూడాలి.

నివేదిక తీసుకుని కేక సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని నిలువుగా, అడ్డంగా తిప్పి చూశాడు. అరుస్తాడనుకుంటే, మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. "మంచిగున్నది. రేపట్నుంచి మూడు రోజులు నేనుండ. మా మేనకోడలి పెండ్లి. నువ్వే దగ్గరుండి చేపియ్యి."

"సార్, నేను స్టాఫ్. సలహా ఇవ్వడం వరకే నా పని. చేయించడం మీ…"

"సలహా ఇచ్చుడు అయిపాయె గద బిడ్డా. ఇగ చేపిచ్చుడే మిగిలింది" అని తువ్వాల దులుపుకుని లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "మూడో నాడు సాయంత్రం లారీ పోవాలె, యాదుంచుకో. సేటు పార్టీకి మాటిచ్చిండు. లారీ పోకుంటే నేనేం రాయాల్నో నువ్వే చెప్దువు గని" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మొదటి రోజు పొద్దున్నే సున్నంతో నేల మీద గీతలు గీయించాను, యార్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడుగ్గా. నలభై మంది ఆడవాళ్ళు ఆటోలు దిగి, గీతలు చూసి నిలబడిపోయారు. వాళ్ళలో పెద్దది గీసుగొండ నుంచి వచ్చే ఒకావిడ. అందరూ పెద్దమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాడిని. ఏ కుప్ప దగ్గర ఎవరు కూర్చోవాలో చెప్పేది ఆవిడే. నేను కాగితం మీద సేటు సంతకం చూపించి, పేర్లు, నంబర్లు చదివాను.

"నాదెన్నో నంబరు సారూ?" అంది పెద్దమ్మ.

"పదిహేడు."

"మా ముసలోడు నలభై ఏండ్లల్ల నన్ను మస్తు పేర్లతోటి పిలిచిండు గని, నంబరు పెట్టి పిలువలే" అని ఆవిడ నిట్టూర్చి, పదిహేడో నంబరు జాగాలో కూర్చుంది. నలభై మందీ నవ్వారు. నేను క్రమశిక్షణ గల మొహం పెట్టాను. నిజంగానే ఓ పావుగంట మాటలు వినబడలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తే నా రంగుల బొమ్మే నేల మీద పరిచినట్టు ఉంది. ఆ పావుగంట నా జీవితంలో చాలా సంతోషంగా గడిచింది.

తరువాత మొదటి తుమ్ము వినిపించింది.

మన వైపు తుమ్ముకు ఉన్న మర్యాద మీకు తెలిసిందే. ఏదైనా మొదలుపెట్టబోతుండగా ఒక్క తుమ్ము పడితే ఆగాలి. వెంటనే అదే మనిషికి రెండోది పడితే దోషం లేదు, కానివ్వచ్చు. రెండోది రాకపోతే కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలి. మా యార్డులో అందరూ ఈ నియమాన్ని నా నివేదిక కన్నా శ్రద్ధగా పాటించేవారు. ఇంతకుముందు దానితో ఏ ఇబ్బందీ రాలేదు. ఎందుకంటే అంతకుముందు అక్కడ ఎవరూ పెద్దగా తుమ్మేవారు కారు. మిరప యార్డులో తుమ్ములు లేకపోవడం వింత అని నాకు ఆరు నెలల్లో ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇప్పుడు మాత్రం వరుసలో మూడో ఆవిడ దగ్గర మొదలైన తుమ్ము, నాలుగు, ఐదు, ఆరు అంటూ నంబర్ల ప్రకారం చివరిదాకా పోయేది. నా నంబర్లు దానికి తప్ప దేనికీ పనికిరాలేదు. కొత్త గంప ముందుకు లాక్కోబోతుంటే తుమ్ము. ఆగడం. హమాలీ బస్తా వీపుకెత్తుకోబోతుంటే తుమ్ము. బస్తా కింద పెట్టి, ఆయన తాపీగా కూర్చుని, నీళ్ళ సీసా మూత తీసేవాడు.

"ఏంటన్నా, ఎత్తవేం?" అన్నాను.

"తుమ్మింది గద సార్."

"ఇక్కడ నిమిషానికోసారి తుమ్ముతూనే ఉన్నారు!"

"అందుకే నిమిషానికోసారి ఆగుతాన" అన్నాడాయన, ఇందులో తెలియనిదేముందన్నట్టు.

సాయంత్రానికి రోజూ అయ్యే పనిలో సగం కూడా కాలేదు. కొత్త పద్ధతి అలవాటు కావడానికి సమయం పడుతుంది అని నోటు పుస్తకంలో రాసుకున్నాను. (ఇలాంటి వాక్యాలు రాయడానికే స్టాఫ్ అనే జాతి పుట్టిందని ఇప్పుడు అనిపిస్తుంది.) రెండో రోజు గీతల మధ్య దూరం పెంచాను. తుమ్ములు ఇంకాస్త చోటు తీసుకుని హాయిగా సాగాయి. పైగా తాలు కాయలు మంచి సరుకులో కలుస్తున్నాయని బస్తాలు కుట్టేవాళ్ళు రెండుసార్లు గంపలు వెనక్కి పంపారు. రెండో రోజు సాయంత్రం గోదాములో బస్తాలు చూసి, రేపటి లారీకి కావలసినవి తలుచుకుంటే కళ్ళు తిరిగాయి. సేటు ఫోన్ చేసి, "కొత్త పద్ధతి ఎట్లుంది?" అన్నాడు. "గమనిస్తున్నాం సార్" అన్నాను. ఇంటికి వెళ్ళి అన్నం సరిగా తినలేదు. అమ్మ, "ఏమైంది రా?" అంటే, "నీకు తెల్వదులే" అన్నాను, అచ్చం బాపులాగే. ఆవిడ నా కంచంలో పెరుగు వేసింది.

మూడో రోజు పొద్దున, ఆరు నెలల్లో మొదటిసారి, చేతిలో కాగితం లేకుండా కిందికి దిగాను. ధైర్యం కాదు, గతిలేక. పదిహేడో నంబరు దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాను. "పెద్దమ్మా, మీరు ఇంతకుముందు ఇంతగా తుమ్మేవాళ్ళు కాదు కదా? ఎందుకని?"

ఆవిడ కొంగు కిందికి జరిపి నన్ను ఓసారి చూసింది. "గాలికి తొవ్వ ఇడిసి కూసుండేటోళ్ళం గద సారూ."

"తోవ ఏంటి? మీరు గుండ్రంగా కూర్చునేవాళ్ళు కదా?"

"గుండ్రంగనా?" ఆవిడకు నవ్వాగలేదు. పక్కనున్న ఆవిడతో, "ఇన్నవా, మనం గుండ్రంగ కూసున్నమట" అంది. తరువాత చిన్నపిల్లాడికి ఓనమాలు దిద్దించినట్టు, నేల మీద పేరుకున్న ఎర్రటి దుమ్ములో వేలితో ఓ గీత గీసింది. గుండ్రం కాదు, గుర్రం డెక్కకు కొట్టే నాడా ఆకారం. ఒక వైపు ఖాళీ. "ఇగో, గాలి గిటు నుంచి మన ఈపు మీద కొడ్తది. దుమ్ము గీ సందుల నుంచి బయటికి పోతది. సందుల ఎవ్వలు కూసోరు. మద్యాన్నం గాలి మళ్ళుతది, మేం గూడ జరుగుతం. నువ్వు గాలి ఎటు కొడితే అటు పొడుగు గీతలు గీసినవ్. మొదటామె దుమ్మంత రెండో ఆమెకు, రెండో ఆమెది మూడో ఆమెకు. ఆఖరామెకైతే నలభై మంది కారం." అంతటితో ఆగలేదు. "గా ముప్పయ్యో నంబరు ముసలామెకు సూపు ఆనదు. ఆమె పక్కకు ఎప్పుడు ఆమె కోడలు కూసుంటది, అత్త ఇడిసిపెట్టిన తాలు కాయ కోడలు ఏరుతది. నువ్వు కోడలిని తీసుకపోయి మూడో నంబరుల పెడ్తివి."

మేడ మీద నుంచి చూస్తే, నీడవల చాటున ఆ సందు కనబడదు. నేను వారం రోజులు గడియారం పట్టుకుని చూసింది ఆ సందు లేని గుండ్రాన్నే. సిగ్గుతో నా చెవులు కాలాయి. ఆ కాలడం మిరప వల్ల కాదని నాకు బాగా తెలుసు.

"మొదటి రోజే చెప్పొచ్చు కదా పెద్దమ్మా?"

"సేటు సంతకం ఉన్నదంటివి. సంతకానికి మేమేం జెప్తం సారూ?"

"సరే, పోనీ. ఇప్పుడు మెల్లగా పాత పద్ధతిలోకి జరగండి. ఎవరూ ఏమీ అనరు" అని గొంతు తగ్గించి చెప్పాను. ఎవరికీ తెలియకుండా సరైపోతే బాగుండునని నా ఆశ.

పెద్దమ్మ కదల్లేదు. "మెల్లగ జెప్తె గాదు. రేపు సేటు వచ్చి, కాగితంల ఉన్నట్టు ఎందుకు కూసోలేదంటే ఎవల మీద పడ్తది? మా మీదనే. కేక సార్ అయితే యార్డంత ఇనేటట్టు కేకేస్తడు. ఎవలు చెప్పిండ్రో అందరికి ఎరుకైతది. తప్పు పోతే ఆయన మీదికే పోతది, మా మీదికి రాదు. నువ్వు గూడ కేకెయ్యి."

ఇంతకాలం ఆయన అరుపును నేను మోటుదనం అనుకున్నాను. అది సంతకమని నాకు ఆ క్షణంలో తెలిసింది. నా పదకొండు పేజీల్లో ఎక్కడా 'నేను' అనే మాట లేదు. 'చేయవచ్చును', 'భావించబడుతోంది', 'సూచించడమైనది'. తప్పు జరిగితే పట్టుకోవడానికి ఆ వాక్యాలకు చెయ్యీ లేదు, కాలూ లేదు.

లేచి రెండు బస్తాల మీదికి ఎక్కాను. నలభై మందీ తలెత్తారు. హమాలీలు కూడా వచ్చి నిలబడ్డారు. పుట్టి బుద్ధెరిగాక నేను గట్టిగా అరిచింది లేదు. దుకాణం పెట్టుకున్న ఇళ్ళలో పిల్లలకు గిరాకీ ముందు అరవొద్దని నేర్పుతారు. గొంతు సవరించుకున్నాను. "అందరూ వినండి!" అన్నాను. చివర్లో గొంతు పీలగా పలికింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఊపిరి గట్టిగా పీల్చుకున్నాను. (మిరప యార్డులో చేయకూడని మొదటి పని అదే.) "ఈ వరుసలు నేనే పెట్టించాను. తప్పు నాది. నా తప్పే! అందరూ లేచి మీ పాత జాగాల్లో…"

తుమ్మాను.

ఒక్కటే తుమ్ము. యార్డు మొత్తం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. సగం లేచినవాళ్ళు సగంలోనే ఉన్నారు. గంప ఎత్తిన చేతులు అలాగే ఉన్నాయి. నలభై జతల కళ్ళు నా ముక్కు మీద నిలిచాయి. ఆజ్ఞ ఇస్తుండగా ఇచ్చినవాడే తుమ్మితే ఇక చెప్పేదేముంది?

"ఇంకోటి తుమ్ము సారూ!" అంది పెద్దమ్మ, ఆదుర్దాగా.

ప్రయత్నించాను. ముక్కు ఎగబీల్చాను, ఎండ వైపు చూశాను. రావాల్సినప్పుడు రాదు కదా! అరనిమిషం గడిచింది. ఓ హమాలీ నీళ్ళ సీసా అందుకుంటున్నాడు. ఆయన కూర్చుంటే అందరూ కూర్చుంటారు. లారీ, ప్రొబేషను, వీధిలో బాపు పరువు, అన్నీ నా ముక్కు చివర వేలాడుతున్నాయి. వంగి కింద గంపలోంచి ఓ ఎండు మిరపకాయ తీసి, రెండుగా విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను.

తరువాత ఏడుసార్లు తుమ్మానని చెప్పారు. నేను లెక్కపెట్టే స్థితిలో లేను. నాలుగో తుమ్ముకు బస్తాల మీద నుంచి కింద పడ్డాను. పడినచోటి నుంచే వినిపించింది పెద్దమ్మ గొంతు, "ఒకటడిగితే ఏడు ఇచ్చిండు! లేవుండ్రే, ఇగ మన పనికి అడ్డేం లేదు!" అని. ఆ నవ్వుల్లో నలభై మందీ లేచి, కొంగులు బిగించి, గీతలను కాళ్ళతో తుడిపేస్తూ నాలుగు కుప్పల చుట్టూ చేరారు. ఈసారి పైనుంచి కాదు, పక్కనుంచి చూశాను. ప్రతి కుప్పకూ ఓ వైపు సందు ఉంది. ముసలామె పక్కకు కోడలు వచ్చి కూర్చుంది. మాటలు మొదలయ్యాయి. చేతులు ఆ మాటల వెంట పరుగెత్తాయి.

నేను కూడా కూర్చున్నాను. నన్ను మేడ మీదికి పొమ్మని ఎవరూ అనలేదు, ఇక్కడే ఉండమనీ అనలేదు. వాళ్ళు పది కాయలు తీసేలోపు నేను ఒకటి తీశాను. "కన్ను ముట్టుకోకు సారూ" అని పెద్దమ్మ మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి చెప్పేలోపే ముట్టుకున్నాను. ఆ మంట ఎలాంటిదో రాయడానికి నాకు తెలుగు సరిపోదు. కడుక్కుందామని లేస్తే, నల్లా ఎక్కడో గేటు అవతల ఉందట. చేయి పట్టుకుని ఒకావిడ నన్ను యార్డంతా నడిపించింది. కన్ను కడిగాక చేతులకు చల్ల పోసింది. తాను తినబోయే గిన్నెలోని చల్లే. రోజూ వీళ్ళంతా అన్నం తినే ముందు మండే చేతులతో ఇంత దూరం నడుస్తారా అని అడిగాను. "నడువకపోతే ఎట్ల సారూ?" అంది. ఆరు నెలలు కిటికీ దగ్గర కూర్చున్నవాడికి ఆ నడక కూడా కనబడలేదు.

లారీ వెళ్ళింది. పొద్దు వాలుతుండగా, డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి విసుక్కున్నాక, ఆఖరి బస్తా ఎక్కింది. ఐదు దాటినా ఎవరూ లేవలేదు. ఆటోవాళ్ళు కూడా ఆగారు. లారీ గేటు దాటాక పెద్దమ్మ నా వాచిన కన్ను చూసి, "కాగితం సారు జర మనిషి లెక్క అయిండు" అంది. దాన్ని నేను ఇప్పటికీ పొగడ్తగానే లెక్కేసుకుంటాను.

మర్నాడు కేక సార్ పెళ్ళి లడ్డూలతో వచ్చాడు. జరిగిందంతా ఆయనకు గేటు దగ్గరే తెలిసిపోయింది. నా గదికి వచ్చి కూర్చున్నాడు. ఆయన మేడ ఎక్కడం అదే మొదటిసారి.

"గాలి సంగతి మీకు ముందే తెలుసు కదా సార్?" అన్నాను.

"తెల్వకేంది. ఇరవై ఏండ్ల సంది ఆన్నే నిలబడ్తాన."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగినవా?" ఆయన గొంతు నిజంగానే కొంచెం నొచ్చుకున్నట్టుంది. "పదకొండు పేజీలు రాసినవ్. ఒక్క పేజీ కోసమన్న కిందికి దిగి, సార్ ఇదెందుకు గిట్లున్నది అని అడిగితే చెప్పకపోదునా?"

ప్రొబేషన్ ఫారం గురించి అడగాలని నోటిదాకా వచ్చింది, ధైర్యం చాలలేదు. ఆయనే కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు బాగా తగ్గించాడు. "ఒక పని చేసిపెట్టు. ఆ నల్లా గేటు అవతల ఉన్నది గద, యార్డు లోపలికి తెప్పియ్యాలె. ఐదేండ్ల సంది మొత్తుకుంటాన. నా కేక ఇనీ ఇనీ సేటు చెవులు గట్టివడ్డయి. కేక కిందికైతే పోతది గని మీదికి పోదు బిడ్డా. కాగితమే పోతది. నువ్వు రాయి. బొమ్మలు గియ్యి. రంగులెయ్యి."

ఈసారి కిందే కూర్చుని రాశాను, ఓ కుప్ప పక్కన, సందు వదిలి. పెద్దమ్మ చెప్పింది, కేక సార్ సరిదిద్దాడు, నేను రాశాను. రెండే పేజీలు. చివర 'సూచించడమైనది' అని అలవాటుగా రాయబోయి, కొట్టేసి, 'ఇది కావాలని నేను అడుగుతున్నాను' అని రాసి సంతకం పెట్టాను. సేటు రంగుల బొమ్మ దగ్గర కాసేపు ఆగాడు. నెల తిరగకుండా నీడవల పక్కనే నాలుగు నల్లాలు వచ్చాయి. ఐదేళ్ళ కేకకు కానిది రెండు పేజీలకు అయిందని కేక సార్ ఆ రోజు యార్డంతా వినబడేలా అరిచి చెప్పాడు.

నా ప్రొబేషన్ ఫారం మాత్రం లారీ వెళ్ళిన వారంలోనే వచ్చింది. అందులో నాయకత్వం, చొరవ, విశ్లేషణా సామర్థ్యం అంటూ బోలెడు గడులున్నాయి. కేక సార్ అవన్నీ ఖాళీగా వదిలేశాడు. కింద 'ఇతర అభిప్రాయాలు' అన్నచోట మాత్రం, అక్షరాలు గీత దాటి పోతుండగా, రెండు ముక్కలు రాశాడు. "చెప్తే వింటడు. ఉంచుకోండ్రి." సేటు ఉంచుకున్నాడు. బాపు వీధిలో తల ఎత్తుకునే తిరిగాడు.

ఆ తరువాత చాలా చోట్ల పనిచేశాను. లైనూ చేశాను, స్టాఫూ చేశాను, ఇప్పుడు రెండు రకాలవాళ్ళూ నా గదికి వచ్చి ఒకరి మీద ఒకరు చాడీలు చెబుతుంటారు. గోడ మీద నాలుగు ప్రశంసాపత్రాలున్నాయి. మొన్న ఇల్లు సర్దుతుంటే ఆ పాత ఫారం జిరాక్సు బయటపడింది. మా ఆవిడ తీసుకుని చదివి, అద్దాలు సవరించుకుని, మళ్ళీ చదివింది. "చెప్తే వింటడా? ఎవలు, మీరా? ఎవరిదో కాగితం మీ ఫైల్ల వచ్చినట్టున్నది" అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నవ్వాను. నవ్వి, ఆ రెండు ముక్కలూ మళ్ళీ చదువుకున్నాను. ఆ కుర్రాడికి గాలి ఎటు వీస్తుందో కూడా తెలిసేది కాదు. కన్ను ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పినా ముట్టుకునేవాడు. అయినా మెట్లు దిగి వెళ్ళి అడిగేవాడు. నాకిప్పుడు చాలా తెలుసు. అందుకే కాబోలు, అడిగి చాలా రోజులైంది.